జాబ్‌సెంటర్‌లో పనిచేసేవాళ్ళు, బెనిఫిట్స్ మీద ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆరేళ్ళుగా పనిలేని ఒకాయన నాతో అస్సలు మాట్లాడడు

ఉప్పుచేప_పప్పుచారు

హాయ్ అందరికీ. నేను యూకేలో ఉంటాను, ఊరు పేరు వద్దులెండి. పోయినేడాది జాబ్‌సెంటర్‌లో (పనిలేనివాళ్ళకి ఉద్యోగం వెతికే సాయం చేసే ప్రభుత్వ ఆఫీసు) వర్క్ కోచ్‌గా చేరాను. అంతకుముందు ఆరేళ్ళు సూపర్‌మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్ మీద చేశా. ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి మనం కూడా ఇక్కడి సివిల్ సర్వీస్‌కి అప్లై చెయ్యొచ్చని ఒక ఫ్రెండ్ చెప్తే నమ్మలేదు, తీరా పెడితే వచ్చింది.

ఈ పనేంటో తెలియనివాళ్ళకి చెప్తా. యూనివర్సల్ క్రెడిట్ (పనిలేనివాళ్ళకి, ఆదాయం తక్కువున్నవాళ్ళకి ప్రభుత్వం నెల నెలా ఇచ్చే డబ్బు) తీసుకుంటూ పని చెయ్యగలిగి కూడా పని లేనివాళ్ళు వారానికో రెండు వారాలకో మా దగ్గరికి రావాలి. క్లెయిమెంట్ (అంటే ఆ డబ్బు తీసుకునే మనిషి) కమిట్‌మెంట్ అని ఒక ఒప్పందం ఉంటుంది, దాని ప్రకారం మామూలుగా వారానికి 35 గంటల దాకా ఉద్యోగం వెతకాలి, ఏం వెతికారో ఆన్‌లైన్ జర్నల్‌లో రాయాలి. ఒక్కో మనిషికి పది నిమిషాలు. ఆ పదిలోనే గుడ్ మార్నింగ్, లాగిన్, జర్నల్ చూడ్డం, నెక్స్ట్ డేట్ ఇవ్వడం. రానివాళ్ళని, ఒప్పుకున్నవి చెయ్యనివాళ్ళని మేం రిఫర్ చేస్తే డెసిషన్ మేకర్ చూసి సాంక్షన్ వేస్తారు, అంటే డబ్బులు కట్.

ఇప్పుడు అసలు విషయం. (వివరాలు కొన్ని మార్చాను.) ఒకాయన ఉన్నాడు, యాభై రెండేళ్ళు, ఇంగ్లీషాయనే, వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడట, అది మూతపడి ఆరేళ్ళయింది. ఏడు నెలల నుంచి నా దగ్గరికొస్తున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుంటాడు, కాళ్ళ దగ్గర ఒక ప్లాస్టిక్ సంచి పెట్టుకుంటాడు, నేనేం అడిగినా "యెస్ లవ్", "నో లవ్", అంతే (లవ్ అంటే ఇక్కడ "అమ్మా" లాంటి మామూలు పిలుపే). చూపు మాత్రం నా వెనకున్న గడియారం మీద. జర్నల్‌లో ప్రతిసారీ అవే ఐదు కంపెనీలు, అవే స్పెల్లింగ్ తప్పులు, కాపీ పేస్ట్ అని చూస్తేనే తెలిసిపోతుంది.

పోయిన నెలలో రెండుసార్లు అపాయింట్‌మెంట్‌కి రాలేదు. మా టీమ్ లీడర్ రిఫర్ చెయ్యమంటున్నారు, ఆవిడ చెడ్డది కాదు, పైనుంచి ఆవిడకీ ఉంటుంది. నాకేమో చెయ్యి రావట్లేదు, అలాగని వదిలేస్తే మిగతావాళ్ళకి ఒక రూలు ఈయనకి ఒక రూలా అనిపిస్తోంది. మింగలేక కక్కలేక ఉన్నా. ఈయన చేత నోరు విప్పించడం ఎలా? రిఫర్ చెయ్యాలా వద్దా?

స్లౌ_శీను

సిస్టర్ ఇందులో అడగడానికి ఏముందండి, రూల్ అంటే రూల్. నా వీసా మీద నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్ అని ఉంటది, అంటే రేపు నా ఉద్యోగం పోతే ఈ యూనివర్సల్ క్రెడిట్ ఒక్క పెన్నీ నాకు రాదు, సర్దుకొని ఫ్లైట్ ఎక్కాల్సిందే, అయినా నెల నెలా టాక్స్ కట్, ఎన్ఐ (నేషనల్ ఇన్సూరెన్స్) కట్, పైగా వీసాతో పాటు హెల్త్ సర్‌ఛార్జ్ మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు ముందే కక్కాలి. ఆరేళ్ళ నుంచి ఒకాయనకి ఫోర్క్‌లిఫ్ట్ ఉద్యోగం దొరకలేదంటే నేను నమ్మను, మా ఏరియాలో వేర్‌హౌస్‌ల ముందు బోర్డులు పెట్టి మరీ పిలుస్తున్నారు. కాపీ పేస్ట్ చేస్తున్నాడని మీరే అంటున్నారు మళ్ళీ చెయ్యి రావట్లేదంటున్నారు. ఒక్కసారి కట్ అయితే అదే దారికొస్తాడు.

పాలమూరు_పోరి

శీను అన్నా, నీ బాధ నిజమే, నేను గూడ ఐఎల్ఆర్ (ఈడ పర్మనెంట్‌గ ఉండే పర్మిషన్) వచ్చేదాక ఐదేండ్లు గట్లనే కట్టిన. కని దారికొస్తడు అన్నవ్ చూడు, గా మాట నాకు కాలింది, గందుకే రాస్తున్న. నేను పద్నాలుగు నెలలు యూనివర్సల్ క్రెడిట్ మీద ఉన్న. టేబుల్‌కు అవుతల దిక్కు కూసున్నదాన్ని.

మా ఆయనతోని వేరైనంక చిన్న పిల్లతోని ఒక రూముల పడ్డ. అప్లై చేస్తే మొదటి పైసలు రానీకి ఐదు వారాలు పడ్తది, అప్పటిదాక అడ్వాన్స్ ఇస్తరు, అడ్వాన్స్ అంటే అప్పే, తర్వాత నెల నెలా కోసుకుంటరు. ఫస్ట్ అపాయింట్‌మెంట్‌ల కోచ్ అడిగింది, సీవీల మూడేండ్ల గ్యాప్ ఉంది గదా ఏం చేసినవ్ అని. మామూలు ప్రశ్ననే. ఆమె తప్పేం లేదు. నాకు నోరు పెగల్లె. ఇంట్ల ఏం జరిగిందో చెప్తే పిల్లను తీస్కపోతరేమో అని ఒక భయం, పైసలు ఆపుతరేమో అని ఇంకో భయం. "హౌస్‌వైఫ్" అన్న. ఆమె టైప్ చేసుకుంది, అయిపోయింది.

తర్వాత ఎప్పుడో ఒక చారిటీల చెప్పిన్రు, ఇంట్ల హింస జరిగి బయటికొచ్చినోళ్ళకు 13 వారాల దాక జాబ్ వెతకమని అడగొద్దని రూల్ల ఉందట, పిల్లలుంటే ఇంకో 13 గూడ ఇయ్యొచ్చట. ఉన్నది మంచి రూలే అక్కా. కని గది రావాలంటె ఎవరికి చెప్పాలె? గా టేబుల్ అవుతల కూసున్న మనిషికే. పైసలు ఆపిస్తదేమో అని ఎవరిని చూసి వణుకుతున్ననో ఆమెకే నా ఇంటి గుట్టంత ఇప్పి చెప్పాలె, అది గూడ పది నిమిషాలల్ల, పక్క టేబుల్ మీద ఇంకొకరు వింటుండంగ.

ఇంకోటి, పద్నాలుగు నెలలల్ల నాకు ఐదుగురు కోచ్‌లు మారిన్రు. ప్రతిసారి మొదటికెంచి. మూడో ఆమె వరకు జర చెప్తుంటి, నాలుగో ఆయన వచ్చేసరికి నేను గూడ మీ పెద్దాయన లెక్కనే అయిన, యెస్, నో, థాంక్యూ. జర్నల్ల ఏం రాస్తే ప్రశ్నలు రావో సమజైంది, గదే రాసిన. కాపీ పేస్ట్ నేను గూడ చేసిన, రాత్రి పదకొండింటికి పిల్ల పండుకున్నంక, ఒక కన్ను మూతపడుతుంటె. పని చెయ్యబుద్ధి కాక కాదు, నిజం రాస్తె నష్టం, అబద్ధం రాస్తె సేఫ్ అని గా సిస్టమే నేర్పించింది.

ఐదో ఆమె మంచిగుండె. ఏం చేసిందంటె పెద్దగ ఏం లేదు. కూసోంగనే "నేను కొన్ని ప్రశ్నలు తప్పక అడగాలి, అవి ముందు గబగబ అడిగేస్త, తర్వాత మనం మాట్లాడుకుందాం" అన్నది. ఏది డ్యూటీనో ఏది మాటనో వేరు చేసి చెప్పింది, అంతే. అప్పుడు నేను ఏడ్చిన. ఇప్పుడు స్కూల్ కిచెన్ల చేస్తున్న, పొద్దుగాల షిఫ్ట్. నీ పెద్దాయన గడియారం ఎందుకు చూస్తుండో నాకైతె ఎర్కనే అక్కా, పది నిమిషాలు ఎప్పుడు ఒడుస్తయా అని. నేను గూడ గట్లనే చూస్తుంటి.

రామంగారబ్బాయి

(రామం గారు మా నాన్నగారు, నాకు కూడా అరవై దాటాయి కానీ ఈ ఐడీ మారలేదు.)

అమ్మాయ్, నేను 2004లో ఈ శాఖలో చేరి మొన్నామధ్యే బయటికొచ్చాను. నేను చేరినప్పుడు నన్ను పర్సనల్ అడ్వైజర్ అనేవారు, ఆ తర్వాత వర్క్ కోచ్ అన్నారు. అవతలివాళ్ళ పేర్లూ మారాయి, క్లయింట్, క్లెయిమెంట్, కస్టమర్. 2013లో యాష్టన్ అండర్ లైన్ అనే ఊళ్ళో యూనివర్సల్ క్రెడిట్ మొదలెట్టారు, అంతకుముందు జాబ్‌సీకర్స్ అలవెన్స్, సంతకం పెట్టడానికి రావడం. పేర్లు ఎన్ని మారినా సహాయం చేసే చెయ్యీ, చీటీ చింపే చెయ్యీ ఒక్క మనిషికే పెట్టారు. పెట్టిన చేత్తోనే కొట్టమంటే తినేవాడు ఆ చెయ్యిని ఎలా చూస్తాడు చెప్పు.

నీ రెండో ప్రశ్న, రిఫర్ చెయ్యాలా అని. ముందు ఆయన ఎందుకు రాలేదో అడిగావా? నీ పోస్ట్ రెండుసార్లు చదివాను, అందులో ఎక్కడా ఆ మాట లేదు. కోప్పడకు, పది నిమిషాల్లో అడగడం కుదరదని నాకూ తెలుసు. కానీ రూల్‌లో గుడ్ రీజన్ అని ఒకటుంది, తగిన కారణం ఉంటే సాంక్షన్ ఉండకూడదు. డెసిషన్ మేకర్ ఎక్కడో ఇంకో ఊళ్ళో కూర్చుంటాడు, ఈయన టోపీ, సంచీ ఆయనకి కనిపించవు. నువ్వు రాసే నాలుగు లైన్లే ఆయనకి కనిపించే మనిషి. "ఫెయిల్డ్ టు అటెండ్, నో రీజన్ గివెన్" అని రాస్తే రీజన్ ఇవ్వలేదనా, అడగలేదనా? రెండూ ఒకేలా కనపడతాయి కాగితం మీద.

శీను గారికి ఒకటి చెప్పాలి. ఒక్కసారి కట్ అంటే ఏంటో చూడండి. పాతికేళ్ళు దాటిన ఒంటరి మనిషికి స్టాండర్డ్ అలవెన్స్, అంటే యూనివర్సల్ క్రెడిట్‌లో బతుకు ఖర్చుల డబ్బు, 2025-26లో నెలకి 400.14 పౌండ్లు, ఇంటద్దె డబ్బు వేరు. అపాయింట్‌మెంట్ తప్పితే ఆయన మళ్ళీ వచ్చి కలిసేదాకా ఎన్ని రోజులైతే అన్ని రోజులు, దాని మీద మొదటిసారికి ఇంకో 7 రోజులు, ఏడాదిలోపు రెండోసారికి 14, మూడోసారికి 28. రోజుకి సుమారు 13 పౌండ్ల చొప్పున, అంటే ఆ రోజుల అలవెన్స్ మొత్తం. ఉద్యోగం ఇస్తే కాదన్నాడనుకోండి, అది మొదటిసారికే 91 రోజులు. ఒకప్పుడు ఇది మూడేళ్ళ దాకా పోయేది, 2019లో ఆరు నెలలకి కుదించారు. 2016లో ఇక్కడి నేషనల్ ఆడిట్ ఆఫీస్ (ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే సంస్థ) చూసి తేల్చిందేమిటంటే ఈ రిఫరల్స్ ఒక్కో ఆఫీసులో ఒక్కోలా ఉన్నాయి, కొన్నిచోట్ల ఒకే ఏరియాలో ఒకేలాంటి మనుషులకి ఒక ప్రొవైడర్ (ఉద్యోగం చూపించే కాంట్రాక్ట్ సంస్థ) ఇంకో ప్రొవైడర్ కంటే రెట్టింపు పైగా రిఫర్ చేస్తోంది అని. అంటే డబ్బు పోయేది ఆయన బద్ధకాన్ని బట్టి కాదు, ఎవరి టేబుల్ ముందు కూర్చున్నాడన్నదాన్ని బట్టి కూడానన్నమాట. యూనివర్సిటీ ఆఫ్ యార్క్ వాళ్ళు ఐదేళ్ళు జనంతో మాట్లాడి 2018లో చెప్పింది కూడా సాంక్షన్ల వల్ల మనుషులు పనికి దగ్గరవడం పెద్దగా లేదనే. నేను 2013 ఆ టైమ్‌లో చాలానే రిఫర్ చేశాను. ఎంతమంది దారికొచ్చారో నాకు తెలియదు, ఎందుకంటే కొంతమంది అసలు రావడమే మానేశారు. లిస్ట్‌లోంచి పేరు పోయింది కాబట్టి ఆఫీసులో దాన్ని ఎవరూ బాధగా చెప్పుకోలేదు. ఇప్పటికీ ఒకావిడ ముఖం గుర్తొస్తుంది, సరే అది వదిలెయ్.

ఇక నోరు విప్పించడం. విప్పించకు. వచ్చాక మొదటి రెండు మూడు నిమిషాలు కీబోర్డ్ ముట్టుకోకు. స్క్రీన్ ఆయనకి కనపడేట్టు కొంచెం తిప్పు, నువ్వేం టైప్ చేస్తున్నావో తెలియకపోవడమే చాలామందికి సగం భయం. సాంక్షన్ వేసేది నువ్వు కాదని, కానీ నువ్వు రాసేది వాళ్ళు చదువుతారని దాచకుండా చెప్పు. నీ చేతిలో ఉన్నదీ చెప్పు, ఫ్లెక్సిబుల్ సపోర్ట్ ఫండ్ ఉంది కదా, ఇంటర్వ్యూకి బస్ ఛార్జీలు, సేఫ్టీ బూట్లు, చిన్న కోర్సు ఫీజు లాంటివి నీ విచక్షణ మీద ఇప్పించొచ్చు, అది ఉందని చాలామంది క్లెయిమెంట్లకి తెలియదు, మనవాళ్ళూ చెప్పరు. ఫోర్క్‌లిఫ్ట్ మనిషన్నావు, టికెట్ (ఫోర్క్‌లిఫ్ట్ నడపడం వచ్చని ఇచ్చే సర్టిఫికెట్) రిఫ్రెష్ చేసి ఎన్నాళ్ళయిందో అడిగావా? ఆరేళ్ళ కిందటి టికెట్ చూసి ఏ ఏజెన్సీ షిఫ్ట్ ఇస్తుంది, శీను గారి ఏరియాలో బోర్డులు ఉన్నా సరే.

ఇంకొక్కటి, లంచ్‌కి ముందు స్లాట్‌లో పెట్టుకో ఆయన్ని. ఓ పది నిమిషాలు ఎక్కువైనా నీ అన్నం చల్లారుతుంది తప్ప వెనకాల ఎవరూ ఆగిపోరు.

మ్యూనిక్_ముకుందం

ఇక్కడ జర్మనీలో కూడా సేమ్ గొడవ, 2005 నుంచి పనిలేనివాళ్ళకిచ్చే డబ్బు హార్ట్జ్ ఫోర్ అనే పేరుతో నడిచింది, జాబ్‌సెంటర్ అనే పేరు కూడా సేమ్. తేడా ఏంటంటే 2019 నవంబర్‌లో వీళ్ళ రాజ్యాంగ కోర్టు కనీస బతుకు డబ్బులో 30 శాతం కంటే ఎక్కువ కోసెయ్యడం కుదరదని చెప్పింది, అంతకుముందు 60, 100 శాతం కూడా కోసేవాళ్ళు. 2023లో బుర్గర్‌గెల్డ్ అని పేరు మార్చి కొంచెం మెత్తబరిచారు, 2024లో పని కావాలనే కాదన్నవాళ్ళకి రెండు నెలల దాకా మొత్తం ఆపొచ్చని మళ్ళీ గట్టి చేశారు. ఊగుతూనే ఉంటది. ఒక మంచి పాయింట్, ఆఫీసుకి వెళ్ళేటప్పుడు తోడు ఒక మనిషిని తీసుకెళ్ళే హక్కు ఇక్కడ చట్టంలోనే రాసుంది. నేను జర్మన్ రాని ఒక తెలుగాయనకి అలా రెండుసార్లు తోడు వెళ్ళా, నేను ఏం మాట్లాడలేదు, ఊరికే కూర్చున్నా, అయినా ఆఫీసర్ గొంతు మొదటిసారి కంటే ఎంత మెత్తగా ఉందో అని ఆయనే అన్నాడు.

చింతచిగురు

మా అమ్మ ఊళ్ళో కరువు పనికి పోతుంది (ఉపాధి హామీ అని కాగితాల్లో). అక్కడ ఫీల్డ్ అసిస్టెంట్ మస్టర్‌లో పేరు ఎక్కిస్తేనే పని, కాబట్టి ఆయనింట్లో పెళ్ళయితే అందరూ పోయి వడ్డించాల్సిందే. అడిగిన 15 రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని చట్టంలో ఉందంట, మా ఊళ్ళో ఎవరికైనా ఇచ్చినట్టు నేనైతే వినలా. కానీ ఒకటి, ఫీల్డ్ అసిస్టెంట్‌కి మా అమ్మ మోకాళ్ళ నొప్పుల సంగతి తెలుసు, ఎండలో మట్టి మొయ్యలేదని నీళ్ళు పోసే పని ఇస్తాడు. అడక్కుండానే. మంచాయనా చెడ్డాయనా అంటే మా అమ్మ నవ్వుతుంది, తెలిసినాయన అంటుంది.

స్లౌ_శీను

రామం గారూ అది టికెట్ పాయింట్ నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటా. కానీ వాడుకునేవాళ్ళు అసలు లేరనకండి, మా పక్కింట్లోనే ఉన్నాడొకడు. పాలమూరు సిస్టర్, సారీ, మిమ్మల్ని అనలేదు.

పాలమూరు_పోరి

అన్నా నువ్వు నన్ను అనలేదు, ఎర్క నాకు. కని నేను గా క్యూల నిలబడ్డప్పుడు నన్ను చూసినోడు నీ పక్కింటోన్నే చూస్తుండె.

ఉప్పుచేప_పప్పుచారు

సారీ అందరికీ, రెండు వారాలు రిప్లై ఇవ్వలేదు, ఆయన మళ్ళీ వచ్చాక రాద్దామని ఆగా.

రామం గారూ చెప్పినట్టే లంచ్ ముందు స్లాట్ పెట్టా. స్క్రీన్ తిప్పా. పాలమూరు అక్క చెప్పినట్టు ముందు నేను అడగాల్సినవి గబగబా అడిగేసి, అయిపోయింది, ఇక మీ డబ్బుకి దీనికి సంబంధం లేదు అన్నా. సాంక్షన్ వేసేది నేను కాదండీ అంటే మొదటిసారి నా ముఖంలోకి చూసి "మరెవరు?" అన్నాడు. ఆరేళ్ళుగా ఎదురుగా కూర్చున్నవాళ్ళే వేస్తారనుకుంటున్నాడు. నేను చెప్పాను కదా ఏడు నెలలని, ఏడు నెలల్లో నేను ఆ ఒక్క ముక్క చెప్పలేదు.

రాకపోవడం సంగతి: ఆయన ఫోన్‌లో డేటా లేదు. జర్నల్ చూసేది లైబ్రరీలో. రెండుసార్లూ టైమ్ మేమే మార్చాం (మా స్టాఫ్ లీవ్), ముందురోజు సాయంత్రం జర్నల్‌లో మెసేజ్ పెట్టాం, మర్నాడు లైబ్రరీకి సెలవు. ఆయన పాత టైమ్‌కి వచ్చి వెళ్ళిపోయాడట, గేటు దగ్గర సెక్యూరిటీ అతను మీది ఇవాళ పొద్దున్నే అయిపోయింది అన్నాడట, అంతే, సరే అని ఇంటికెళ్ళాడు. నాకు ఒక్కసారి చెప్పొచ్చు కదా అన్నా. నువ్వు అడగలేదు లవ్ అన్నాడు. కోపంగా కూడా కాదు. రామం గారూ మీరు అడిగినప్పుడు నాకు కొంచెం కోపం వచ్చిన మాట నిజం, అందుకే అప్పుడే రిప్లై ఇవ్వలేదు.

ఆ కారణం రాసి రిఫర్ చెయ్యట్లేదని టీమ్ లీడర్‌కి చెప్పా, ఆవిడ చదివి ఓకే అన్నారు. టెక్స్ట్ మెసేజ్ వెళ్ళేట్టు, కుదిరితే కాల్ చేసేట్టు నోట్ పెట్టా. ఫోర్క్‌లిఫ్ట్ టికెట్ రిఫ్రెషర్‌కి ఫండ్ రిక్వెస్ట్ పెట్టా, ఇంకా రాలేదు.

ఇక ఆ ప్లాస్టిక్ సంచి. అందులో ఏముంది అని అడిగా. ఉద్యోగాలకి పెట్టిన అప్లికేషన్ల ప్రింట్‌అవుట్లు! ఆరేళ్ళ కిందట మొదటి కోచ్ ప్రూఫ్ తీసుకురమ్మన్నారట. అప్పటి నుంచి ప్రతి అపాయింట్‌మెంట్‌కి లైబ్రరీలో పేజీ ఇరవై పెన్స్ పెట్టి ప్రింట్ తీయించి తెస్తున్నాడు. తర్వాతి కోచ్‌లు ఎవరూ అడగలేదు, వద్దనీ చెప్పలేదు. నేనూ కాళ్ళ దగ్గరున్న సంచిని ఏడు నెలలు చూశాను కదా, ఏదో సరుకులు అనుకున్నా. డేట్ ప్రకారం స్టేపుల్ చేసి ఉన్నాయి, పైన ఎర్ర పెన్‌తో వారం నంబర్. జర్నల్‌లో కాపీ పేస్ట్ ఐదు కంపెనీలే కానీ కాగితాల్లో పదకొండో పన్నెండో వేరేవి ఉన్నాయి, అవి టైప్ చెయ్యడం ఆయనకి కష్టం, ఒక గంటే ఇస్తారు లైబ్రరీ కంప్యూటర్.

ఇక ప్రింట్ తియ్యక్కర్లేదండీ, నేను నమ్ముతా అన్నా. టోపీ తిప్పుకుంటూ కాసేపు ఆలోచించి, నువ్వు వేరే చోటికెళ్ళిపోతే? తర్వాత వచ్చేవాళ్ళు అడిగితే? అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే ఏప్రిల్‌లో నన్ను వేరే టీమ్‌కి మార్చేట్టున్నారు. రామం గారూ, తర్వాతి కోచ్‌కి కనపడేట్టు దీన్ని ఎక్కడ రాస్తే నిలుస్తుంది?

రామంగారబ్బాయి

మామూలుగా రాసే లోపలి నోట్స్‌లో ఎలాగూ రాయి, కానీ దాన్ని నమ్ముకోకు, కొత్తవాళ్ళకి అంత వెనక్కి చదివే టైమ్ ఉండదు. ఆయన జర్నల్‌లోనే మెసేజ్ పెట్టు, ఆయనకి కనపడేట్టు, ప్రింట్‌అవుట్లు అవసరం లేదని ఇవాళ తేదీతో స్పష్టంగా. రేపు ఎవరడిగినా తీసి చూపించుకుంటాడు.

ఆ మెసేజ్‌ని కూడా ఇరవై పెన్స్ పెట్టి ప్రింట్ తీయించుకుంటాడు చూడు. తీయించుకోనీ.